ముప్పై లేని నెల

"ఇంకా కోడిని ఉడకబెట్టలేదా?" అంది మన్ మేనత్త, గుమ్మంలో చెప్పులు విడుస్తూ.

వంటింటి గట్టు పక్కన పీట మీద కూర్చుని తూటికూర కాడలు చీలుస్తున్నాను. ఆదివారం పొద్దున, మధ్యాహ్నానికి కూర, పులుసు, నిన్న మిగిలిన చేప, అంతే అనుకున్నాను. మన్ మేనత్త మా మామగారి ఒక్కగానొక్క చెల్లెలు. మేముండే డనాంగ్‌లోనే, నదికి అవతలి ఒడ్డున ఉంటుంది. ఆమె చేతిలో పసుపు చామంతుల కట్ట, మరో చేతిలో పళ్ళ సంచి, ఒంటి మీద ముదురు రంగు పొడుగు దుస్తులు. ఆదివారం పొద్దున ఊరికే పలకరించడానికి వచ్చే మనిషి అలా తయారై రాదు. అది గమనించాను గాని అందులో ఉన్న సంగతి నాకు అందలేదు.

"ఏ కోడి, మేనత్తా?"

ఆమె నా వైపు చూసింది. నా వెనక ఆరిపోయి ఉన్న పొయ్యి వైపు చూసింది. తరవాత హాల్లో పూర్వీకుల పీఠం మీద నిన్నటి వాడిపోయిన పూల వైపు చూసింది.

"ఇవాళ మా నాన్న తద్దినం కదే," అంది.

నా చేతిలోని కాడ చీలిక సగంలోనే ఆగిపోయింది. నేను దేన్నైనా రుజువు అడిగి నమ్మే మనిషిని. నా జ్ఞాపకాన్ని కూడా అంతే. తాతగారి రోజు రెండో నెలలో వస్తుందని నాకు తెలుసు. చాంద్రమానపు నెలలు మామూలు క్యాలెండర్ మీద ఏటా అటూ ఇటూ జరుగుతాయి కాబట్టి, దాన్ని తలలో మోయడం మానేసి చాలాకాలమైంది. మూడు రోజుల ముందే నా ఫోనుకు సందేశం వస్తుంది. ఆ సందేశం పంపే యాప్‌ను రాసింది నేనే. అందుకే కాడను పక్కన పెట్టి, తడి చేతులతో ఫోను తీసి చూశాను. ఏమీ లేదు. తెత్ పండుగ, అంటే మా చాంద్రమానపు కొత్త సంవత్సరం, వెళ్ళినప్పటి నుంచి ఆ యాప్ నుంచి నాకు ఒక్క మాట కూడా రాలేదు. రాకపోవడాన్ని గమనించడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది.

మామగారు టీ కప్పుతో హాల్లోకి వచ్చారు. "ఏంటి మన్, ఇంత పొద్దున్నే?"

"నాన్న రోజు, అన్నయ్యా."

ఆయన ముఖంలో ఏదో కదిలి ఆగింది. కప్పు కింద పెట్టి, తన చెల్లెలి వైపు గాని, తన తండ్రి ఫోటో వైపు గాని కాక, నేరుగా నా వైపు తిరిగారు. "కోడలా, నువ్వు చెప్పలేదేం?"

మేడ మీద నుంచి నా భర్త తొవాన్ దిగి వచ్చాడు. జరిగింది విని, తల గోక్కుని, "నీ ఫోనుకే వస్తుంది కదా? చూసుకోలేదా?" అన్నాడు. ఆ తరవాత చిన్నగా నవ్వి, "ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడిందట," అన్నాడు. మన్ మేనత్త నవ్వలేదు. అత్తగారు కిటికీ పక్కన కూర్చుని పంపరపనస తొనల మీది తెల్ల పొర ఒలుస్తున్నారు. తల ఎత్తలేదు. ఆమెకు కోపం వచ్చిందనుకున్నాను.

నేను ఆ ఇంటి పెద్ద కొడుకు భార్యను. నా పేరు కుయెన్. ఈ రెండు వాక్యాల్లో మొదటిదే ఆ ఇంట్లో పనికొచ్చేది. పెద్ద కోడలంటే పీఠానికి జవాబుదారీ. ముత్తాత, ముత్తవ్వ, తాతగారు, బామ్మగారు, చిన్నతనంలోనే పోయిన ఒక మరిది, ఇలా ప్రతివారికీ వారి రోజున జిగురన్నం, కాళ్ళు మడిచిన కోడి, కాకరకాయ పులుసు, పనసకాయ సలాడ్, మాంసం కూరి నూనెలో వేయించిన బియ్యపు రేకుల చుట్టలు అన్నీ కావాలి. వండినవాళ్ళు దిగువ చాప మీద, వంటింటి గుమ్మానికి దగ్గరగా, ఆఖరున తింటారు. ఎగువ చాప మీద మగవాళ్ళు చచ్చిపోయినవాళ్ళ గురించి గౌరవంగా మాట్లాడుకుంటారు. ప్రతి తద్దినానికీ ముందు తొవాన్ నాతో ఒకే మాట అంటాడు: "నువ్వు మొదలుపెట్టు, నేనున్నాను కదా." అనడంలో అబద్ధం లేదు, ఆ మాట అంటున్నప్పుడు అతను నిజంగానే ఉంటాడు. నూనె కాగేసరికి మాత్రం ఎగువ చాప మీద ఉంటాడు, చేతిలో బీరు గ్లాసుతో.

ఆ రోజు బజారుకు పరుగెత్తి ఎవరో ఉడికించి వేలాడదీసిన కోడిని కొన్నాను. దాని కాళ్ళు మడిచి లేవు. జిగురన్నం కూడా కొన్నదే. మధ్యాహ్నం దాటాక మామగారు పీఠం ముందు నిలబడి అగరొత్తులు వెలిగించారు. నేను వంటింట్లో చుట్టలు వేయిస్తున్నాను. ఆయన తన తండ్రిని పేరుతో పిలిచి, కొడుకులూ మనవలూ అందరూ క్షేమమని చెప్పి, ఆ తరవాత అదే గంభీరమైన గొంతుతో అన్నారు: "మా పెద్ద కోడలు కుయెన్ మతిమరుపు వల్ల ఇవాళ నైవేద్యం ఆలస్యమైంది, తక్కువైంది. చిన్నది, తెలియనిది, మన్నించండి."

చచ్చినవాళ్ళు వింటారని నేను నమ్మను. చచ్చినవాళ్ళు వినరు కనక ఆ మాట ఎవరి కోసం అన్నారన్నది సులభంగా తేలే ప్రశ్న. ఇంట్లో బతికున్న అందరూ విన్నారు. నలభై దాటిన నన్ను, జీతం తెచ్చి ఆ ఇంటి కప్పు వేయించిన నన్ను, నా పేరు పెట్టి ఒక ఫోటోకు క్షమించమని అప్పగించారు. నూనె చిట్లి మణికట్టు మీద పడితే గాని నేను గరిటె కదపడం మానేశానని నాకు తెలియలేదు.

మర్నాడు ఆఫీసులో కోడ్ తెరిచాను.

మా యాప్ చేసే పని చిన్నది. ప్రతి ఇంటికీ ఒక టైమర్ ఉంటుంది. తెల్లవారుతుండగా అది మోగుతుంది. మోగినప్పుడు దానికి అప్పగించిన ఫంక్షన్ నడుస్తుంది. ఆ ఫంక్షన్ ఆ ఇంటి మృతుల పేర్లు ఒక్కొక్కటే తీసి, చాంద్రమానపు రోజును ఈ ఏడాది మామూలు తేదీగా మార్చి, దగ్గరపడిన వాటికి సందేశం పంపుతుంది. మా ఇంటి వరసలో మొదటి పేరు మా అమ్మది. యాప్ రాసిన మొదటి రోజు, పరీక్షించడానికి, నా వేళ్ళు వాటంతట అవే ఆ పేరు కొట్టాయి. అమ్మ చాంద్రమానపు ఏడాది చివరి రోజున, తెత్ ముందు రోజు, పోయింది. ఆ రోజును మేమంతా ముప్పై అంటాం. ఆ ఆఖరి నెలకు కొన్నేళ్ళు ముప్పై రోజులుంటాయి, కొన్నేళ్ళు ఇరవైతొమ్మిదే ఉంటాయి. అయినా ఆ చివరి రోజును ముప్పై అనే పిలుస్తాం. ముప్పై బజారు, ముప్పై స్నానం, ముప్పై భోజనం. ఇరవైతొమ్మిది అని నోటితో అన్న మనిషిని నేను చూడలేదు. ఆ అలవాటుతోనే అమ్మ పేరు పక్కన ముప్పై అని రాశాను. తెత్‌తో మొదలైన ఈ ఏడాది ఆఖరి నెలకు ముప్పయ్యో రోజు లేదు. లేని తేదీని మార్చమంటే ఫంక్షన్ అక్కడే తప్పు ప్రకటించి కూలిపోయింది, మొదటి పేరు దగ్గరే. దాని వెనక నిలబడి ఉన్న తాతగారి దాకా రానే లేదు. తెత్ తరవాత ప్రతి పొద్దునా మా ఇంటి టైమర్ మోగింది, ప్రతి పొద్దునా కూలింది.

అది నన్ను నిర్ఘాంతపరచలేదు. పొరపాట్లు జరుగుతాయి; వాటిని పట్టుకోవడానికే మేం కోడ్ రాసే జావాస్క్రిప్ట్‌లో ట్రై, క్యాచ్ ఉన్నాయి. కూలిపోగల పనిని ట్రైలో పెడతాం, కూలితే పట్టుకునేది క్యాచ్. నేను వాటిని ఫంక్షన్ లోపల, ప్రతి పేరు చుట్టూ రాశాను. ఇప్పుడు అవి లోపల లేవు. ఎవరో వాటిని బయటికి జరిపి, టైమర్‌ను పెట్టే వాక్యం చుట్టూ ఒక్కసారి కట్టేశారు. చూడ్డానికి శుభ్రంగా ఉంది. పనికి మాత్రం రాదు. ఎందుకంటే టైమర్ పెట్టే వాక్యం పని టైమర్‌ను పెట్టడంతో అయిపోతుంది. పెట్టేటప్పుడు ఏ తప్పూ జరగదు. ట్రై ముగుస్తుంది, క్యాచ్ తన పని అయిందని వెళ్ళిపోతుంది. గంటల తరవాత టైమర్ మోగి, లోపలి ఫంక్షన్ నిజంగా నడిచి, నిజంగా పడిపోయేటప్పుడు, దాని చుట్టూ ఎవరూ ఉండరు.

మా బృందానికి పెద్ద హియెప్ దగ్గరికి వెళ్ళాను. నాకన్నా చిన్నవాడు. "ఈ క్యాచ్‌ను బయటికి జరిపింది నువ్వేనా?"

"అవునక్కా. లోపలంతా చిందరవందరగా ఉంది. బయట ఒకటి చాలు కదా."

"బయట ఉన్నది దేన్నీ పట్టుకోదు, హియెప్. టైమర్ మోగే వేళకి అది ఉండదు."

"తెలుసక్కా. అందుకే అన్నిటికీ పైన ఇంకో వల వేశాను. ఎక్కడ ఏ తప్పొచ్చినా అందులో పడుతుంది. సర్వర్ ఆగదు."

ఆ వల తెరిచి చూశాను. అందులో ఏమీ లేదు. పడ్డ తప్పును ఎవరికీ చెప్పదు, ఎక్కడా రాయదు. ఖాళీ. పడ్డదాన్ని మింగేసి ఊరుకోవడమే దాని పని. సర్వర్ ఆగలేదన్నది నిజమే. తెత్ నుంచి ఎన్ని ఇళ్ళలో ఎన్ని పొద్దులు కూలిపోయాయో మాత్రం మాలో ఎవరికీ తెలియదు.

ఆ సాయంత్రం ఫిర్యాదులు పెట్టిన వాళ్ళను వెతికాను. ముప్పై రోజున ఎవరో పోయిన ఇళ్ళు. ఉన్నాయి, ఎవరూ జవాబివ్వని ఫిర్యాదులు. రాసినవాళ్ళందరూ ఆడవాళ్ళు. తమ తండ్రి రోజు, తమ తాత రోజు తెలియలేదని ఒక్క కొడుకు, ఒక్క మనవడు రాయలేదు. విన్ నగరం నుంచి ఒకామె రాసింది: "మీ యాప్‌ను నమ్మి మా మామగారి తండ్రి రోజు నేను మరిచిపోయాను. మా వాళ్ళు ఇంకా నాతో మాట్లాడటం లేదు." వాళ్ళు. పోయినాయన సొంత కొడుకు కూడా ఆమెతోనే మాట్లాడటం లేదన్నమాట. నేను ఆ వాక్యాన్ని చాలాసేపు చూశాను. మా ఇంట్లో నిన్న జరిగింది మా ఇంటి సంగతి అనుకున్నాను ఇంతవరకూ.

"అక్కా, సులువు దారి ఒకటుంది," అన్నాడు హియెప్, నా భుజం మీదుగా చూసి. "మీ ఇంటికైతే ఆ మొదటి పేరు తీసెయ్. మిగతావాళ్ళందరికీ వెళ్ళిపోతాయి."

"అది మా అమ్మ పేరు."

వాడు నాలుక కరుచుకున్నాడు. "అబ్బే, ఇప్పటికి మాత్రమే అంటున్నానక్కా."

ఆ రాత్రి భోజనాల దగ్గర ఇంట్లో వాళ్ళకు విషయం చెప్పాను. నిన్న పీఠం ముందు నాకు అంటగట్టిన మతిమరుపు నాది కాదని వాళ్ళు వినాలి. అదొక్కటే నా ఉద్దేశం. వీలైనంత తేలికగా చెప్పాను. ముప్పై సంగతి, మొదటి పేరు సంగతి, వెనక ఆగిపోయిన పేర్ల సంగతి. మామగారు చేపముల్లు తీసుకుంటూ విన్నారు. తొవాన్ శ్రద్ధగానే విన్నాడు. అతను చెడ్డవాడు కాడు; ఇదే నన్ను ఎప్పుడూ గందరగోళపరుస్తుంది. అంతా విని, లెక్క తేలిన వాడిలా చాప్‌స్టిక్‌లు బల్ల మీద సరిగ్గా పక్కపక్కన పెట్టి అన్నాడు:

"అయితే మీ అమ్మ పేరు తీసెయ్. ఆవిడ రోజు నీకు గుర్తు చేయాలా ఏంటి? ఎలాగూ ముప్పైన నువ్వు ఇక్కడే ఉంటావు కదా."

ఇక్కడే ఉంటాను. నిజమే. పెద్ద కోడలు ఏడాది చివరి నైవేద్యం నాడు ఇల్లు కదలదు. అమ్మ పోయినప్పటి నుంచి ఆమె రోజున ఒక్కసారైనా నేను మా పుట్టిల్లున్న తామ్‌కీలో లేను. రైల్లో గంటన్నర దూరం. మా తమ్ముడు అగరొత్తి వెలిగించి ఫోను చేస్తాడు. నేను ఫోనును భుజానికీ చెవికీ మధ్య నొక్కుకుని, వీళ్ళ ముత్తాతకు చుట్టలు చుడుతూ ఆ పొగను ఊహించుకుంటాను. ఇవన్నీ నాకు తెలిసినవే. తెలిసిన విషయాన్నే మరొకరు లెక్కలో రుజువుగా వాడినప్పుడు, మొదటిసారి విన్నట్టు ఉంది. ఆమె రోజున నేను వెళ్ళలేను కనక ఆమె పేరు అక్కర్లేదు. ఆ తర్కంలో ఒక్క మెట్టు కూడా తప్పు లేదు. అదే నన్ను భయపెట్టింది.

"పేరు తీయొద్దు," అన్నారు అత్తగారు.

అందరం ఆమె వైపు చూశాం. భోజనాల దగ్గర ఆమె మాట్లాడటమే తక్కువ.

"ఫోను సంగతి నాకు తెలీదు గాని, నిన్న మీ నాన్న రోజని నాకు తెలుసు," అన్నారు మామగారితో. "నిద్ర లేవగానే తెలుసు. నాల్రోజుల ముందు నుంచీ తెలుసు."

మామగారి చెయ్యి గిన్నె మీద ఆగింది. "తెలిసీ చెప్పలేదా?"

"మీ నాన్న కదా," అన్నారు ఆమె.

బయట ఎవరిదో మోటార్‌సైకిల్ ఆగి మళ్ళీ కదిలింది.

"పెళ్ళయి వచ్చినప్పటి నుంచి నేనే గుర్తు చేశాను. కుయెన్ వచ్చాక అది చేసింది. ఈసారి దానికి తెలియలేదని దాని మొహం చూస్తేనే తెలిసింది. కొడుకున్నాడు, మనవడున్నాడు, ఒక్కడికైనా గుర్తొస్తుందేమో చూద్దామనుకున్నాను. మన్ వచ్చింది. అది ఆడపిల్ల. ఇంకో ఇంటికిచ్చిన పిల్ల."

పంపరపనస పొర ఒలుస్తూ తల ఎత్తని ఆ మనిషి నాకు మళ్ళీ కనిపించింది. కోపం అనుకున్నాను. నా ఊహ ఎంత తప్పో అర్థమైంది. వెంటనే మరొకటి కూడా అర్థమైంది.

"పీఠం ముందు నా పేరు చెప్పి మన్నించమన్నారు," అన్నాను. "అప్పుడు కూడా మీరు మాట్లాడలేదు."

ఆమె నా వైపు చూశారు. "మాట్లాడలేదు. ఒకప్పుడు నా పేరూ అలాగే చెప్పారు, కోడలా. అప్పుడు మా అత్తగారూ మాట్లాడలేదు." తన గిన్నె పక్కకు జరిపి, "అది తప్పే," అన్నారు.

నేను తొవాన్ వైపు తిరిగాను. నా గొంతు నాకే కొత్తగా, మీటింగులో తేదీ ఖాయం చేసే గొంతులా వినిపించింది. "ఈ ముప్పైకి నేను తామ్‌కీ వెళ్తున్నాను. ముందు రోజే వెళ్తాను."

"మరి ఇక్కడ వంట?"

"మీరు మొదలుపెట్టండి," అన్నాను. "నేనున్నాను కదా."

ఆ వారమంతా కోడ్ తిరగరాశాను. క్యాచ్‌ను మళ్ళీ టైమర్ మోగినప్పుడు నడిచే ఫంక్షన్ లోపలికి తెచ్చాను, ఒక్కో పేరు చుట్టూ ఒక్కోటి. ఒక పేరు దగ్గర తప్పు జరిగితే దాని వెనక ఉన్నవాళ్ళు ఆగిపోరు. ముప్పై లేని నెలలో ఆఖరి రోజే ముప్పై. హియెప్ వేసిన పై వలలో ఇప్పుడు ఏది పడినా అతని ఫోను మోగుతుంది. మొదటి వారంలోనే వచ్చి, "అక్కా, ఇన్ని పడుతున్నాయని నాకు తెలీదు," అన్నాడు. తెలియకుండా ఉండేట్టు కట్టింది నువ్వే కదా అనలేదు. విన్ నగరపు ఆవిడకు మా తప్పే అని ఉత్తరం రాయించాను, ఇంట్లో అందరికీ చూపించుకోవడానికి వీలుగా. చివరిగా మా ఇంటి వరసలో ఒక్క మార్పు చేశాను. అంతవరకూ సందేశాలు నా ఒక్క ఫోనుకే వచ్చేవి. ఇక మీదట ఇంట్లో పెద్దవాళ్ళందరి ఫోన్లకూ వస్తాయి.

ఒకరోజు సాయంత్రం అత్తగారు వంటింట్లోకి వచ్చి, గిన్నెలు తుడుస్తున్నట్టు తుడుస్తూ అడిగారు. "అందులో ఇంకో పేరు పడుతుందా?"

"ఎవరిది?"

"మా అమ్మది. ఐదో నెల. ఈ ఇంట్లో ఆవిడకి ఎప్పుడూ అగరొత్తి వెలగలేదు."

ఇన్నేళ్ళూ ఒకే పొయ్యి ముందు ఆమె పక్కన నిలబడ్డాను. ఆమెకు ఒక అమ్మ ఉండి ఉంటుందని, ఆ అమ్మ ఒక రోజున చనిపోయి ఉంటుందని నాకు ఒక్కసారీ తట్టలేదు. పేరు అడిగాను. పీఠం ముందు తప్ప పెద్దల పేరు నోటితో పలకకూడదని పెరిగిన తరం ఆమెది, నాలుక రాలేదు. వేలు తడి చేసి గట్టు మీద అక్షరాలు రాశారు. అవి ఆరిపోయేలోగా నేను కొట్టుకున్నాను.

ఐదో నెల ఎండల్లో ఒక పొద్దున, నేను ఆఫీసుకు తయారవుతుండగా, మామగారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఫోను చేతికి దూరంగా పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. పక్కనే తొవాన్, అతని చేతిలోనూ ఫోను. అత్తగారు పొయ్యి దగ్గర ఉన్నారు. వెనక్కి తిరగలేదు.

"కోడలా, నీ యాప్ మళ్ళీ చెడిపోయినట్టుంది," అన్నారు మామగారు. "మూడు రోజుల్లో ఎవరిదో తద్దినమని వచ్చింది. ఈ పేరుగల వాళ్ళు మన వంశంలోనే లేరు. ఏదో తప్పు జరిగింది, చూడు."

నేను ఫోను తీసుకుని చూశాను. పేరు సరిగ్గా ఉంది, తేదీ సరిగ్గా ఉంది. ఫోను తిరిగి ఆయన చేతిలో పెట్టాను.

"తప్పేమీ లేదు, మామయ్యా," అన్నాను. "అది మీ అత్తగారి పేరు."